జానాబెత్తెడు నీళ్ళు

పోయిన వారం గుసగుసని మనం ఆవిరి పట్టిన గాజు తలుపు ముందు వదిలేశాం. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో అట్ట ఊడిన నోటుబుక్కు. తలుపుకి అవతల వాళ్ళమ్మ గోరువెచ్చటి నీళ్ళలో కాలికి వ్యాయామం చేస్తోంది. ఏడు వారాలుగా తల్లిని తీసుకొస్తున్నా ఆ పిల్ల గడప దాటి లోపలికి వెళ్ళలేదు. "లోపల నేలంతా తడి, ఒకరి మోకాలు బాగుచేస్తుంటే ఇంకొకరు విరగ్గొట్టుకోవద్దు" అని ఆసుపత్రివాళ్ళ నియమం. బయట బల్ల మీద కూర్చుని, లోపలినుంచి ఏ అంకె కేకేస్తే ఆ అంకె రాసుకోవడమే తన పని. ఆ రోజు మాత్రం ఫోనులో నీళ్ళ మేడమ్ ఒకటి అడిగింది. అది చెయ్యాలంటే తలుపు తోయక తప్పదు.

ఇప్పుడే ఈ కథలోకి వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. గుసగుస అంటే పదహారేళ్ళ పిల్ల. పక్కన కూర్చున్నవాళ్ళకే సగం వినపడే గొంతు, అందుకని బస్సు డిపోలో అందరూ ఆ పేరు పెట్టారు. అమ్మ ఆ డిపోలో బస్సు నడిపే ఒకే ఒక్క ఆడమనిషి. అయిదు నెలల కిందట వంతెన దిగే వాలులో ఆమె నడుపుతున్న బస్సు ఆగకుండా వెళ్ళి రాతిగోడని గుద్దుకుంది. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. తొమ్మిది మందికి దెబ్బలు తగిలాయి. అమ్మ కుడి మోకాలు ముందుకి కొట్టుకుంది. ఎముకనీ ఎముకనీ కలిపి పట్టుకునే లిగమెంటు తెగిందని చెప్పి ఆపరేషన్ చేసి కొత్తది వేశారు. బ్రేకు పని చెయ్యలేదని విచారణలో తేల్చారు. ముందు రోజు ఆ బ్రేకు బాగుచేసిన మెకానిక్కుని పనిలోంచి తీసేశారు.

ఆ మెకానిక్కే ఇప్పుడు ఈ ఆసుపత్రిలో నీళ్ళ తొట్టి చూసుకుంటున్నాడు. డిపోలో ఆయన్ని స్పానరు అని పిలిచేవాళ్ళు, ఇక్కడ నీళ్ళాయన. అమ్మ ఆయన్ని మొదటినుంచీ అన్నా అనే పిలుస్తుంది కాబట్టి గుసగుసకి మామయ్య.

ఇక నీళ్ళ మేడమ్. వ్యాయామాలన్నీ నేర్పించిన ఫిజియోథెరపీ ఆవిడ. నీళ్ళు మనిషిని మోస్తాయని, అందుకే ఆపరేషనైన కాలు నేల మీద చెయ్యలేని పని నీళ్ళలో చేస్తుందని మొదటి రోజే చెప్పింది. "గుండెల దాకా నీళ్ళుంటే ఒంటి బరువులో మూడో వంతే కాలి మీద పడుతుంది. నడుం దాకా ఉంటే సగం. వారం వారం నీళ్ళు దించుకుంటూ పోతే కాలు తన బరువు తను మోయడం మెల్లగా నేర్చుకుంటుంది." తొట్టి గోడలకి బెత్తెడేసి ఎత్తున్న నీలం పలకలు పరిచి ఉన్నాయి. వారానికో వరస దించమంది. పదిహేడో వరసతో మొదలుపెట్టి పదిహేను దాకా తనే దగ్గరుండి దించింది. తర్వాత నాలుగు వారాల కిందట పురిటి సెలవు మీద వెళ్ళింది. అప్పట్నుంచీ నీళ్ళు దించడం నీళ్ళాయన వంతు, రాయడం గుసగుస వంతు.

సోమవారం అమ్మకి డిపోలో పరీక్ష. డ్రైవరు సీట్లో కూర్చుని నలభైసార్లు బ్రేకు తొక్కాలి. దిగి కుడికాలు ఒక్కదాని మీద పది లెక్కపెట్టేదాకా నిలబడాలి. నిలబడితే స్టీరింగు, లేకపోతే లేదు. మేడమ్ సర్టిఫికెట్టు మీద సంతకం పెడితేనే ఆ పరీక్ష కూడా.

"పాపా, సంతకం పెట్టేముందు ఒక్క ఫోటో పంపమ్మా," అంది మేడమ్ ఫోనులో, వెనకనుంచి పసిబిడ్డ ఏడుపు వినపడుతుండగా. "నీళ్ళు పదకొండో వరసకి దిగాయన్నావు కదా. అంటే నడుం కిందకన్నమాట. ఆ నీళ్ళలో మీ అమ్మ ఎలా నిలబడుతోందో చూస్తే నాకు ధైర్యం."

గుసగుస తలుపు తోసింది.

వెచ్చటి ఆవిరి, దాంతోపాటు బ్లీచింగు వాసన మొహానికి కొట్టాయి. గది మధ్య తొట్టి, ఒక పక్క మెట్లు, మూడు పక్కలా స్టీలు కడ్డీ. మూల నడుమెత్తు గోడకి అవతల వాల్వుల దగ్గర నీళ్ళాయన స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నాడు. నీళ్ళలో ఆడవాళ్ళుంటే ఆయన వీపు తప్ప మొహం కనపడదు. అది ఎవరూ చెప్పకుండా ఆయన పెట్టుకున్న పద్ధతి.

పొడుగు చేతుల ఈత బట్టల్లో అమ్మ కడ్డీ పక్కన అడ్డంగా అడుగులేస్తోంది. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. ఇంట్లో వంటగది నుంచి వాకిలి దాకా కర్ర ఈడ్చుకుంటూ, మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగే మనిషి ఇక్కడ కడ్డీ కూడా పట్టుకోకుండా నడుస్తోంది. గుసగుసకి ముచ్చటేసింది. ఆ వెంటనే, ఇంత తేలిగ్గా ఎలా నడుస్తోందా అనిపించింది.

ఫోను ఎత్తింది. తెర మీద అమ్మ భుజాలు కనపడ్డాయి. మోచేతులు కనపడ్డాయి. నడుం కనపళ్ళేదు.

ఫోను దించి కళ్ళతో చూసింది. గుండెల దాకా నీళ్ళు.

గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి పలకలు లెక్కపెట్టబోయింది. నీళ్ళు కదులుతుంటే పలకలు వంకర్లు పోయి రెండుసార్లు లెక్క తప్పింది. అప్పుడు తెలివొచ్చి పైనుంచి లెక్కపెట్టింది. గట్టు దాకా మొత్తం ఇరవై వరసలని మేడమ్ ఇచ్చిన కాగితంలోనే ఉంది. నీళ్ళకి పైన పొడిగా ఉన్నవి అయిదు. ఇరవైలో అయిదు పోతే పదిహేను.

నోటుబుక్కు తెరిచింది. ఇవాళ్టి తేదీ పక్కన, పావుగంట కిందట తలుపు వెనకనుంచి నీళ్ళాయన కేకేస్తే రాసుకున్న అంకె పదకొండు. పోయిన వారం పన్నెండు. అంతకుముందు పదమూడు. ఆ పైన పద్నాలుగు. అన్నిటి కిందా స్కేలు పెట్టి ఎర్ర గీత గీసింది తను. అంత శుభ్రంగా రాసిన నాలుగు అంకెల్లో ఒక్కటీ నిజం కాదు. నాలుగు వరసలు. జానకి మూడు, ఆ పైన బెత్తెడుకి ఒకటి. జానాబెత్తెడు. చిన్నపిల్లల్ని చూసి జానాబెత్తెడు లేవు అని అందరూ నవ్వే కొలత అది. అంత కొలతా అమ్మని నాలుగు వారాలుగా దొంగచాటుగా మోస్తోంది.

"మామయ్యా," అంది.

బాయిలరు రొదలో అది ఆమెకే వినపళ్ళేదు.

"మామయ్యా!"

నీళ్ళాయన స్టూలు మీంచి లేచాడు గానీ ఇటు తిరగలేదు. "ఎవరూ, కోడలు పిల్లా? నువ్వెందుకొచ్చావే లోపలికి? జారిపడ్డావంటే నీక్కూడా ఇంకో తొట్టి కట్టించాలి, నాకు రెండు కాపలాలు."

"ఇది ఎన్నో వరస మామయ్యా?"

"పదకొండని కేకేశాగా."

"కేకేశావు. ఎన్నో వరసా అని అడుగుతున్నా."

తొట్టెడు నీళ్ళ పక్కన నిలబడి ఆయన నీళ్ళు నమిలాడు. "అదీ... బాయిలరు కొంచెం ఇబ్బంది పెడుతోందే. నీళ్ళు దించితే తొందరగా చల్లారిపోతున్నాయి. పైగా ఈ వాల్వు ఒకటి, సరిగ్గా తిరగట్లా."

"నువ్వు బిగించిన వాల్వు సరిగ్గా తిరక్కపోవడమా?"

మామూలుగా అయితే అది మెచ్చుకోలు. డిపోలో స్పానరు బిగించాడంటే ఇంక చూసుకోనక్కర్లేదని చెప్పుకునేవాళ్ళు. కానీ ఆ మాట వినగానే ఆయన భుజాలు ఎవరో చరిచినట్టు కిందకి దిగాయి. అటు తిరిగే ఉన్నాడు కాబట్టి మొహం కనపళ్ళేదు.

అమ్మ నడక ఆపేసింది. "బుక్కు మూసేసి బయటికెళ్ళు," అంది గుసగుసతో. "ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"నువ్వుండమ్మా. నీకు తెలీదు. నాలుగు వారాల్నుంచీ నీళ్ళు దించలేదమ్మా మామయ్య. పదిహేనులోనే ఉన్నావు నువ్వు. అంకెలు మాత్రం తగ్గించి చెప్పాడు." ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషికి గట్టిగా మాట్లాడటం మొదలయ్యాక ఎక్కడ ఆపాలో తెలీదు. "సోమవారం నువ్వు కిందపడాలనేగా? ఆయన పని పోయింది కాబట్టి నీ పని కూడా పోవాలనేగా? ఎంత కక్ష మామయ్యా నీకు! మా అమ్మ మళ్ళీ బస్సెక్కకుండా మోకాలడ్డుతున్నావా?"

మోకాలడ్డటం అన్న మాట అందరూ రోజుకి పదిసార్లు అంటారు. ఆ గదిలో మాత్రం అది పలకల మీద పడి టంగుమన్నట్టు వినపడింది. గుసగుస తన నోటికి తనే చెయ్యడ్డం పెట్టుకుంది.

నీళ్ళాయన పక్కనున్న గుడ్డముక్క తీసుకుని, మరకే లేని వాల్వు చక్రాన్ని తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంకొక్క మాట అన్నావంటే ఊరుకోను." అమ్మ గొంతు. డిపోలో రద్దీ బస్సు వెనక మెట్ల దాకా వినపడే గొంతు అది. "అన్న దించుతానన్నాడు. ప్రతి వారం అడిగాడు. దించొద్దని చెప్పింది నేను."

బాయిలరు గుర్రుమంటోంది. తొట్టి అంచున సన్నగా నీళ్ళు కొట్టుకుంటున్నాయి.

"నువ్వా?" అంది గుసగుస.

"అంకెలు తగ్గించి కేకెయ్యమన్నది కూడా నేనే. ఆయన పాపం ఒప్పుకోలేదు. భయంగా ఉందన్నా, ఇంకొక్క వారం ఆగన్నా అని బతిమాలాను. ఆ ఒక్క వారం నాలుగు వారాలైంది."

"నీకు భయమా?" గుసగుసకి నమ్మబుద్ధి కాలేదు. వానలో, పొగమంచులో, అరవై మందిని ఎక్కించుకుని వంతెన దాటించే మనిషికి నడుం దాకా నీళ్ళంటే భయమా?

"మరి సోమవారం?" అంది. "ఈ కాలుతో ఎలా నిలబడతావు? పది కాదు, మూడు కూడా లెక్కపెట్టలేవు."

"నిలబడను."

"అమ్మా!"

"కాలు బాగవ్వలేదు, పరీక్షలో పోయింది, టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అందరూ అయ్యో అంటారు. అక్కడితో సరి. ఎవరూ ఏమీ అడగరు. నేనూ ఏమీ చెప్పక్కర్లేదు."

"ఏం చెప్పక్కర్లేదు?"

అమ్మ కూతురికేసి చూడలేదు. నడుమెత్తు గోడ అవతలున్న వీపు కేసి చూసింది. తర్వాత కడ్డీ పట్టుకుని తొట్టి మధ్యకి వచ్చి రెండు కాళ్ళూ సమానంగా ఆనించి నిలబడింది.

"అన్నా, వాల్వు తియ్యి."

"ఇప్పుడా? నాలుగు వరసలు ఒక్కసారే దించకూడదమ్మా. మేడమ్ గట్టిగా చెప్పి మరీ వెళ్ళింది."

"నడవనులే. కడ్డీ పట్టుకుని ఊరికే నిలబడతాను. మెల్లగా వదులు. నీళ్ళు నన్ను మోస్తున్నంతసేపూ ఈ మాట నా నోట్లోంచి రాదు."

నీళ్ళాయన చక్రం తిప్పాడు. తొట్టి అడుగున గొట్టంలో నీళ్ళు గుటకలేస్తున్న చప్పుడు మొదలైంది.

నీళ్ళు దిగడం కంటికి తెలియదు. పలక అంచు తడిగా బయటపడ్డాకే తెలుస్తుంది. గుసగుస గట్టు మీద గొంతుక్కూర్చుని పలకల్నే చూస్తోంది. మొదటి అంచు బయటపడేసరికి అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది.

"గోడని గుద్దుకోవడానికి పదిహేను రోజుల ముందు. డిపోలో బస్సు పెట్టి దిగుతున్నా. రెండు మెట్లు ఎందుకులే అని ఒక్క దూకు దూకా. కాలు నేలమీద ఉంది, ఒళ్ళు పక్కకి తిరిగింది. మోకాలి లోపల టప్‌మంది. నాకే వినపడింది."

"బెణికిందన్నావు," అంది గుసగుస. "నేనే కాపడం పెట్టాను."

"బెణికిందనే అనుకుందామనుకున్నా. నీకు చెప్పిన మాటే నాకూ చెప్పుకున్నా."

పద్నాలుగో వరస. నోటుబుక్కులో మొదటి అబద్ధం నిజమైంది. అమ్మ చంకల కింద నీళ్ళు జారిపోయాయి, తడిసిన బట్ట ఒంటికి అతుక్కుంది.

"మర్నాటికి కుండలా వాచింది. గుడ్డ బిగించి కట్టుకుని డ్యూటీకెళ్ళా. చెప్తే ఏమవుతుంది? డాక్టరు దగ్గరికి పంపిస్తారు, సెలవు పెట్టిస్తారు, తర్వాత కిటికీ దగ్గర కూర్చోబెడతారు. నలభై మంది మగాళ్ళు, మేం ముందే చెప్పలా అని నవ్వుతారు. వాళ్ళ నవ్వు తలుచుకుని నోరు మూసుకున్నా. ఒక్కోసారి మోకాలు పట్టేసేది. వంగదు, చాపుకోదు. కాస్త అటూ ఇటూ కదిపితే వదిలేది. ఇంతేగా అనుకున్నా."

నీళ్ళాయన చేతిలో గుడ్డముక్క కదలడం ఆగిపోయింది.

పదమూడు.

అమ్మ కడ్డీని రెండు చేతుల్తో పట్టుకుంది. నీళ్ళు వదిలేసిన బరువు ఎక్కడికీ పోదు, వచ్చి కాలి మీదే కూర్చుంటుంది. తెల్లటి పలకల నేల మీద కుడికాలి పిక్క అదురుతోంది. నీళ్ళలోంచి అది గుసగుసకి స్పష్టంగా కనపడుతోంది.

"ఆ రోజు వంతెన దిగుతున్నాం. నువ్వు నా వెనక సీట్లో ఉన్నావు. వాలు మొదలైంది, కాలు తీసి బ్రేకు మీద వెయ్యాలి. మోకాలు పట్టేసింది. కాలు లేవలేదు. నా కాలు కాదు అది, ఎవరో అక్కడ పాతిపెట్టిన గుంజ. ఎడం కాలు తెచ్చి తొక్కుదామంటే అదెక్కడో కింద ఇరుక్కుంది. చేతి బ్రేకు లాగాను, కాబట్టే ఆ మాత్రంతో పోయింది. లాగుతూ అరిచా. ఏమని అరిచానో నీకు తెలుసు."

గుసగుసకి తెలుసు. ఊరికే తెలియడం కాదు, విచారణలో చెప్పింది కూడా తనే. బస్సు ముందు భాగమంతా నుజ్జయిపోయి బ్రేకు ఎలా ఉందో ఎవరూ తేల్చలేకపోయారు. ఆఖరికి డ్రైవరు వెనక కూర్చున్న పిల్ల ఏం వింది అన్నదాని మీద అంతా నిలబడింది.

"పడటం లేదు, పడటం లేదు," అంది గుసగుస మెల్లగా.

"ఆఁ. పడటం లేదు." అమ్మ కళ్ళు మూసుకుంది. "ఏది పడటం లేదో నేను విడమర్చి చెప్పలా. ఎవరూ అడగలా. బస్సులో కూర్చుని డ్రైవరు పడటం లేదని అరిస్తే ఇంకేం అనుకుంటారు? ఆసుపత్రిలో నాకు మెలకువ వచ్చేసరికి కాగితం మీద రాసేసి ఉంది, బ్రేకు పడటం లేదని డ్రైవరు అరిచారు అని. అవునా అని అడిగారు. నేను తల ఊపాను."

పన్నెండు. గొట్టం గుటకలు మందగించాయి.

"నా కాలు పడలేదన్నా," అంది అమ్మ. అంత గొంతూ పోయి అది కూడా గుసగుసగానే వచ్చింది. "నీ బ్రేకు బాగానే ఉంది. నా కాలే పడలేదు."

నీళ్ళాయన అలాగే ఉన్నాడు. చక్రం మీద ఒక చెయ్యి, రెండో చెయ్యి గోడ మీద. నీళ్ళు పదకొండో వరస అంచు దాటుతుండగా చక్రం బిగించాడు. చూడకుండానే సరిగ్గా అక్కడ ఆపాడు. చప్పుడు వినే కనిపెట్టే చెవులు ఆయనవి.

అప్పుడు, ఏడు వారాల్లో మొదటిసారి, ఇటు తిరిగాడు.

గుసగుస భయపడింది. అరుస్తాడనుకుంది. ఆయన మొహంలో కోపమంటూ ఏమీ లేదు. దారి తప్పి చాలాదూరం వెళ్ళాక, అసలు దారి ఇంటి పక్కనే ఉందని ఎవరో చెబితే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"అయిదు నెలలు," అన్నాడు. "అయిదు నెలల్నుంచీ రోజూ ఆ బ్రేకు విప్పి బిగిస్తున్నానమ్మా. చేత్తో కాదులే. మనసులో. ఇక్కడ ఈ స్టూలు మీద అటు తిరిగి కూర్చుని ఏం చేస్తుంటాననుకున్నావు? ఒక్కో నట్టూ తీసి చూస్తుంటా. ఇది బిగించానా? బిగించా. ఇది? ఇదీ బిగించా. మొదటి నెల అందరితో పోట్లాడా, నా పని తప్పు కాదని. మూడో నెలకి నాకే అనుమానం పట్టుకుంది. నాలుగో నెలకి అనుమానం కూడా పోయింది." గుడ్డముక్క మడిచి గోడ మీద పెట్టాడు. "నేనే ఏదో వదులుగా వదిలేశానని ఒప్పేసుకున్నా. ముప్పై ఏళ్ళ పని మీద నాకే నమ్మకం పోయింది. మొన్న ఇంట్లో కుళాయి కారుతుంటే నేను ముట్టుకోలా, బయటనుంచి మనిషిని పిలిపించా. మీ వదిన నన్ను అదోలా చూసింది."

"అన్నా..."

"నీ మోకాలు నావల్లే పోయిందనుకున్నా. అందుకే నీళ్ళు దించొద్దంటే దించలా. గొంతు దాకా పెంచమన్నా పెంచేవాణ్ణి."

"తిట్టన్నా. నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి తిట్టు."

నీళ్ళాయన చూపు నీళ్ళలోకి పోయింది. కుడికాలు పిక్క నుంచి తొడ దాకా గడగడలాడుతోంది.

"ముందు ఆ కడ్డీ సరిగ్గా పట్టుకో," అన్నాడు. "బరువంతా ఎడం కాలి మీద వేస్తున్నావు. కుడికాలి మీద కూడా వెయ్యి. కొంచెం. అదీ. ఊపిరి వదులు."

అమ్మ ఏడుస్తూనే బరువు సర్దుకుంది. నడుం కిందకి దిగిన నీళ్ళలో, కాగితం మీద ఎప్పుడో రాసి ఉన్న చోట, ఇప్పుడు నిజంగా నిలబడింది. తొట్టి చుట్టూ తడి పలకలు నాలుగు వరసలు మెరుస్తున్నాయి.

గుసగుస జేబులో ఫోను వణికింది. మేడమ్. ఫోటో ఏదీ అని అయి ఉంటుంది. ఇప్పుడు తీస్తే ఫోటోకి వంక పెట్టలేరు. పదకొండో వరస, నడుం కింద నీళ్ళు, నిలబడ్డ అమ్మ. ఫోనుని జేబులోనే అదిమిపెట్టింది.

"సోమవారం డిపోకి వెళ్తాను," అంది అమ్మ మొహం తుడుచుకుంటూ. "పరీక్షకి కాదు. పెద్దాఫీసరు అక్కడే ఉంటాడు. ఇప్పుడు నీకు చెప్పింది ఆయనకి చెప్తాను."

"చెప్తావు. నమ్మాలిగా?" నీళ్ళాయన స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి ఇటు తిరిగే. "పాతికేళ్ళ తోటి పనివాడు, అన్నా అని పిలుస్తుంది, జాలిపడి తప్పు తన మీద వేసుకుంటోంది అంటారు. కాగితం మీద వేరే మాట ఉంది. దానికి సాక్షి ఉంది."

ఆ సాక్షి గట్టు మీద గొంతుక్కూర్చుని నోటుబుక్కుని గుండెలకి హత్తుకుని ఉంది.

ఆయన గొంతు చాలా మెత్తగా వచ్చింది. "కోడలు పిల్లా. ఇందాక నువ్వన్న మాటలేవీ నేను పట్టించుకోలా. తల్లి కోసం అన్నావు. ఇప్పుడు నా కోసం ఒక్కటి చెప్పు. ఆ రోజు మీ అమ్మ పడటం లేదు అని మాత్రమే అందా? బాగా గుర్తు తెచ్చుకో."

గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. మర్చిపోయింది ఎప్పుడని?

విచారణ గది కళ్ళ ముందుకొచ్చింది. పెద్ద బల్ల, దానికి అటు ఆఫీసరు, కలం మూత తీసి పట్టుకుని. మీ అమ్మ ఏమని అరిచిందమ్మా? తను నోరు తెరిచి మొదటి మాట అంది. ఎప్పట్లాగే సగం వినపడేలా. కాలు... ఆఫీసరు చెయ్యి ఎత్తి ఆపాడు. కాలి సంగతి డాక్టర్లు చూసుకుంటారులేమ్మా, బ్రేకు సంగతి చెప్పు. తను ఆ మాటని గుటకేసి మింగేసింది. తర్వాతి మాట చెప్పింది. పెద్దవాళ్ళు అడ్డం వస్తే మాట మింగెయ్యడం తనకి అలవాటు. ఇంటికొచ్చాక, సరిగ్గా విన్నానో లేదో అని తనకి తనే చెప్పుకుంది. అయిదు నెలలు అదే చెప్పుకుంది. ఈ గది బయట బల్ల మీద కూర్చుని, లోపలున్న మనిషి తనలో తను బ్రేకు విప్పి బిగిస్తుంటే, తను స్కేలు పెట్టి ఎర్ర గీతలు గీసింది.

గుసగుస లేచి నిలబడింది.

"లేదు మామయ్యా," అంది. గది నాలుగు మూలలా వినపడింది. "అంతకుముందు ఇంకో మాట ఉంది. నేను..."

"వద్దు!"

అమ్మ కడ్డీ వదిలేసింది. రెండు చేతులూ వదిలేసి, సగం బరువు ఆ కాలి మీదే వేసి, కూతురి వైపు ఒక అడుగు వేసింది. తర్వాత ఇంకోటి.

"నువ్వేం వినలేదు," అంది. "నాకు తెలుసు నువ్వు విన్నావని. మొదటి రోజు నుంచీ తెలుసు. విచారణలో మాట దాచావని నిన్నెవరూ అనకూడదు. అయినా నువ్వేమీ వినలేదు, అర్థమైందా?"